వైద్యుని చెవిలో పడిన మాట

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము - ఈ మూడు పట్టణములును ఒకే రైలుదారి మీద నున్నవి. ధర్మవరములో బండి యెక్కినవాడు పెనుకొండ దుర్గమును కిటికీలోనుండి చూచుచు, హిందూపురము దాటి, కన్నడ సీమలో ప్రవేశించి బెంగుళూరు చేరును. పట్టుచీరల మూటలతో వర్తకులు, పుస్తకముల సంచులతో విద్యార్థులు, పనికై పోవు కూలీలు ఈ బండ్లలో నిత్యము కనిపింతురు. వారి నడుమ మరియొక తీరు ప్రయాణికులును ఉందురు. చేతిసంచిలో పాత మందుచీటీలు, ప్రక్కన తల్లియో అన్నయో, ముఖము మీద ఎవరితోను చెప్పుకొనని బరువు. వారు పోవునది బెంగుళూరులోని జాతీయ మానసికారోగ్య, నాడీశాస్త్ర సంస్థకు. జనుల నోట అది నిమ్హాన్సు. మైసూరు ప్రభుత్వపు మానసిక వైద్యశాలయు, 1954లో వెలసిన అఖిల భారత మానసికారోగ్య సంస్థయు కలిసి 1974లో ఈ సంస్థగా ఏర్పడినవి. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఈ మూడు పట్టణములును శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను, మనస్సు నలిగినవారికి దారి మాత్రము పాతదే.

ఇంత దూరము పోవుటకు వైద్యసౌకర్యము ఒక కారణము. పైకి చెప్పని రెండవ కారణము గుట్టు. సొంత ఊరిలో మనోవైద్యుని గడప తొక్కినచో, మందు కడుపులోనికి పోకముందే వార్త వీధిలోనికి పోవును. కంపౌండరు ఎవరి మేనల్లుడో, మందుల అంగడివాడు ఎవరి వియ్యంకుడో అయి యుండును. ‘వానికి తల సరిగా లేదట’ అను ఒక్క మాట చాలును; చెల్లెలికి కుదిరిన సంబంధము తప్పిపోవునేమో, దొరకనున్న ఉద్యోగము చేజారునేమో అను భయము ఇల్లంతయు పట్టుకొనును. పెదవి దాటిన మాట పృథివి దాటునని సామెత. కావుననే తన్నెవరును ఎరుగని నగరములో, తలుపు మూసిన గదిలో, మనిషి తన మనస్సును విప్పును.

అట్లు విప్పిన మనస్సులోనుండి ఒకనాడు ఇట్టి మాట వెలువడినచో నేమి చేయవలెను? ‘ఫలానా మనిషిని చంపవలెనని ఉన్నది.’ వినిన వైద్యుడు నోరు మూసికొనవలెనా, తెరువవలెనా? మూసికొన్నచో రేపు ఒక ప్రాణము పోవచ్చును. తెరచినచో ఆ రోగి మరల ఏ వైద్యునికిని మనస్సు విప్పడు. అతని కథ వినిన పదిమంది మొదటినుండియే విప్పరు. చెప్పుకొనుటకు చోటు లేని కోపము లోలోపలనే ముదిరి ఎచ్చటనో పగులును. కాబట్టి ఇది ఒక ప్రాణమునకును ఒక మర్యాదకును నడుమ తగవు కాదు. రెండు వైపులను ప్రాణములే యున్నవి. ఒక వైపుది కంటికి కనిపించును. రెండవ వైపువి కనిపించవు. అంతియే భేదము.

చరకుడు, కౌటిల్యుడు

ఈ తగవు పడమటినుండి దిగుమతి యైనది కాదు. చరకసంహితలోని విమానస్థానమున, వైద్యవిద్య ఆరంభించు శిష్యునకు గురువు చేయు ఉపదేశము కలదు. రోగి యింట ప్రవేశించినపుడు వైద్యుని వాక్కు, మనస్సు, బుద్ధి, ఇంద్రియములు రోగియందు తప్ప మరి దేనియందును ఉండరాదనియు, ఆ యింటి సంగతులు బయట చెప్పరాదనియు దాని తాత్పర్యము. ప్రాచీన గ్రీకుదేశపు హిప్పోక్రటీసు పేర ప్రసిద్ధమైన ప్రతిజ్ఞలోను ఇట్టి నియమమే కలదు. ఇరువురును ఒకే సంగతి గ్రహించినారు: గుట్టు దక్కునను నమ్మకము లేనిచో రోగి నిజము చెప్పడు, నిజము తెలియనిచో వైద్యము లేదు.

అదే దేశమున కౌటిల్యుడు అర్థశాస్త్రములో నగరపాలనమును వర్ణించుచు వేరొక నియమము వ్రాసినాడు. రహస్యముగా గాయమునకు చికిత్స చేయించుకొనువాడు వచ్చినచో, వైద్యుడు ఆ సంగతిని గోపుడు, స్థానికుడు అను అధికారులకు తెలుపవలెను. తెలిపినచో అతనికి దోషము లేదు. దాచినచో నేరమున సమానముగా భాగస్వామి యగును. దాచిన గాయము వెనుక ఒక దొంగతనమో, ఒక కొట్లాటయో ఉండునని రాజనీతిజ్ఞుని అనుమానము. చరకుడు రోగి మంచము ప్రక్కనుండి చూచినాడు. కౌటిల్యుడు కోటగోడ మీదనుండి చూచినాడు. ఇద్దరి చూపునందును సత్యము కలదు. తరువాతి కాలములందలి న్యాయస్థానములు, శాసనసభలు ఈ రెండు చూపుల నడుమ గీత ఎచ్చట గీయవలెనని వెదకుచున్నవి.

బర్క్లీలో జరిగిన కథ

ఆధునిక కాలమున ఈ వెదకులాటకు మూలమైన వ్యాజ్యము అమెరికాలో నడచినది. కాని అందలి రోగి భారతీయుడే. బెంగాలునుండి ప్రసేన్‌జిత్ పొద్దార్ అను యువకుడు నౌకానిర్మాణశాస్త్రము చదువుటకై 1967లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు పోయెను. మరుసటి యేడు అచ్చటి విద్యార్థి నివాసమున జరిగిన జానపద నృత్యములలో టటియానా టారసాఫ్ అను యువతితో పరిచయ మయ్యెను. నూతన సంవత్సరపు ముందు రాత్రి ఆమె అతనిని ముద్దు పెట్టుకొనెను. ఆమెకు అది పండుగనాటి చనువు. అతనికి అది జీవితకాలపు మాట. తనకట్టి అభిప్రాయము లేదని ఆమె స్పష్టముగా చెప్పినప్పటినుండి అతడు తిండి, చదువు, మనుష్యులను విడిచి కుంగిపోయెను.

1969 వేసవిలో ఆమె బ్రెజిలుకు పోయియుండగా, మిత్రుని ప్రోద్బలముచేత అతడు విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో చికిత్సకు పోవ నారంభించెను. మనస్తత్వవేత్త డాక్టరు లారెన్సు మూర్‌తో మాటలాడుచు, ఆమె తిరిగివచ్చిన పిదప చంపుదునను తలంపును బయటపెట్టెను. మూర్ ఊరకుండలేదు. ఆగస్టులో విశ్వవిద్యాలయపు పోలీసులకు తెలిపి, అతనిని ఆసుపత్రిలో నిర్బంధించి పరీక్షించవలెనని వ్రాసెను. పోలీసులు పొద్దారును పట్టుకొని ప్రశ్నించిరి. అతడు నిలుకడగా మాటలాడెను; ఆమె జోలికి పోనని మాట యిచ్చెను. విడిచిపెట్టిరి. మూర్‌కు పై అధికారియైన వైద్యుడు ఆ లేఖను వెనుకకు తెప్పించి, సంబంధించిన వ్రాతలను నాశనము చేయుమనియు, ఇక నిర్బంధ ప్రయత్నము వలదనియు ఆజ్ఞాపించెను. పొద్దారు ఆ తరువాత చికిత్సకు పోలేదు. టటియానాకుగాని ఆమె తలిదండ్రులకుగాని ఎవ్వరును ఒక్క మాట చెప్పలేదు. అక్టోబరు 27వ తేదీన అతడు ఆమె యింటికి పోయి ఆమెను చంపెను.

హత్యానేరము మోపి విధించిన శిక్షను, జ్యూరీకి ఇచ్చిన సూచనలలో లోపము కలదని ఉన్నత న్యాయస్థానము 1974లో కొట్టివేసెను. మరల విచారణ జరుపక అతనిని భారతదేశమునకు పంపివేసిరి. మృతురాలి తలిదండ్రులు వేసిన దావా వేరుగా నడచినది. 1974లో కాలిఫోర్నియా సుప్రీముకోర్టు, ప్రమాదములో నున్న మనిషిని హెచ్చరించుట వైద్యుని బాధ్యత యని తీర్పు చెప్పెను. మనోవైద్యులలో కలవరము పుట్టెను. కోర్టు మరల విచారించి 1976లో మాట మార్చెను: బాధ్యత హెచ్చరించుట మాత్రమే కాదు, రక్షించుట. అందుకు హెచ్చరికయే తగునో, పోలీసులకు తెలుపుటయే తగునో, మరియొక మార్గము తగునో సందర్భమును బట్టి నిశ్చయించుకొనవలెను. ఆధిక్య తీర్పు వ్రాసినవాడు న్యాయమూర్తి మాథ్యూ టోబ్రినర్. విభేదించిన న్యాయమూర్తి విలియం క్లార్కు, గుట్టునకు భంగము కలిగిన నాడు రోగులు చికిత్సకు రారనియు, అందువలన హింస తగ్గుటకు బదులు పెరుగుననియు శంకించెను.

ఈ కథను చెప్పువారు తరచుగా ఒక సంగతిని విడుతురు. డాక్టరు మూర్ గుట్టును నిలుపలేదు, విప్పినాడు. విప్పిన ఫలము మాత్రము దక్కలేదు. రహస్యము పోలీసులకు చేరినది. చేరవలసిన యువతికి చేరలేదు. రోగికి వైద్యునియందలి నమ్మకము పోయినది. యువతి ప్రాణమును పోయినది. నోరు తెరచుటయో, మూయుటయో అను ప్రశ్నకన్న ఎవరితో, ఎంత, ఎప్పుడు, ఆ తరువాత నేమి అను ప్రశ్నలు పెద్దవని ఈ విషాదము బోధించుచున్నది.

క్లార్కు శంక నిజమైనదా యని తరువాతివారు లెక్కలు తీసిరి. అమెరికాలోని రాష్ట్రములను పోల్చి గ్రిఫిన్ ఎడ్వర్డ్సు అను పండితుడు 2014లో ప్రకటించిన పరిశోధనయందు, వైద్యుడు తప్పనిసరిగా తెలుపవలెనని శాసించిన చోట్ల హత్యలు సుమారు 5 శాతము పెరిగినట్లు తేలినది. ఒక్క పరిశోధనతో విషయము తేలిపోదు. అయినను, చట్టము గట్టిదైనకొలది రక్షణ పెరుగునను నమ్మకమునకు అది ఒక హెచ్చరిక.

మన చట్టములు

భారతదేశమున ఈ విషయము మొదట మనోవైద్యమున గాక వేరొక వ్యాధి విషయమున సుప్రీముకోర్టుకు వచ్చినది. తనకు హెచ్.ఐ.వి. సోకిన సంగతిని ఆసుపత్రి బయటపెట్టుటచే వివాహము చెడినదని ఒకడు దావా వేసెను. కోర్టు కాగితములందు అతడు ‘ఎక్స్’, ఆసుపత్రి ‘జడ్’. గుట్టు హక్కే యైనను, వధువు ప్రాణమునకు ముప్పు కలుగునపుడు ఆమె ఆరోగ్యపు హక్కే పైచేయి యని 1998లో న్యాయస్థానము చెప్పెను. వివాహపు హక్కును గురించి ఆ తీర్పులో చేసిన వ్యాఖ్యలు అవసరము లేనివని 2002లో కోర్టే సవరించినది గాని, ముప్పులో నున్నవారికి తెలుపవచ్చునను అంశము నిలిచినది. అదే 2002లో వెలువడిన వైద్యమండలి నియమావళి, న్యాయమూర్తి ఆజ్ఞ యున్నపుడును, ఒక నిర్దిష్ట వ్యక్తికిగాని సమాజమునకుగాని తీవ్రమైన ప్రమాదము గుర్తింపబడినపుడును, ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధుల విషయమునను తప్ప రోగి రహస్యము వెల్లడింపరాదని చెప్పినది.

మానసిక రోగులకు ప్రత్యేకముగా వర్తించునది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము. ఇది 2018 మే 29న అమలులోనికి వచ్చినది. దీని 23వ విభాగము గుట్టును రోగి హక్కుగా ప్రకటించినది. వెంటనే మినహాయింపులు చెప్పినది. వేరొకరిని హాని నుండిగాని హింస నుండిగాని కాపాడుటకు అవసరమైనచో సమాచారము ఇయ్యవచ్చును. అదియైనను ఆ హానిని తప్పించుటకు ఎంత కావలెనో అంతయే. ప్రాణాపాయమును తప్పించుటకును ఇట్లే. ఈ ‘అంతయే’ అను మాటలోనే చట్టపు ధర్మసూక్ష్మ మున్నది. ఫలానా వారు జాగ్రత్తగా ఉండవలెనని చెప్పుటకు రోగి బాల్యము, అతని దాంపత్యము, అతని కలలు చెప్పనక్కరలేదు.

అయితే ఈ విభాగము చెప్పుటకు అనుమతి యిచ్చుచున్నదేగాని, చెప్పి తీరవలెనని ఆజ్ఞాపించుట లేదు. ఆజ్ఞ వేరొక చోట, అందరికిని వర్తించునట్లు కలదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 39వ విభాగమునుండి, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 33వ విభాగమునకు వచ్చిన నియమము అది. హత్య వంటి నేరము జరిగిన సంగతియే కాక, చేయదలచిన ఉద్దేశమును ఎరిగిన ప్రతి మనిషియు, సహేతుకమైన కారణము లేనిదే, మేజిస్ట్రేటుకుగాని పోలీసులకుగాని తెలుపవలెను. ఇంతకును, వకీలుతో కక్షిదారు చెప్పుకొన్న మాటకు సాక్ష్యచట్టము రక్షణ యిచ్చినది. వైద్యునితో చెప్పుకొన్న మాటకు అట్టి రక్షణ యియ్యలేదు. న్యాయస్థానము అడిగినచో వైద్యుడు చెప్పవలసినదే.

కావున బరువంతయు ఒక్క మాట మీద నిలిచినది: ఉద్దేశము. మనస్సున మెదలిన ప్రతి తలంపును ఉద్దేశ మగునా? కాదు. ఏది తలంపు, ఏది ఉద్దేశమో తేల్చుట చట్టపుస్తకము చేయలేదు. ఎదుట కూర్చున్న వైద్యుడే చేయవలెను.

మూడు గదులు

ఈ భేదము తెలియుటకు మూడు సందర్భములను ఊహింపవచ్చును. ఇవి ఏ ఒక్కరి చరిత్రయు కావు. కాని వైద్యులకు పరిచితములైన రూపములే.

హిందూపురపు బాలింత యొకతె వైద్యురాలి ముందు కూర్చున్నది. బిడ్డకు నలువది దినములు. ‘ఎట్ల చెప్పేది మేడమ్, బిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు ముంచేస్తానేమో అని భయమైతాది. కత్తిపీట కూడా అటక మీద పెట్టేసినా’ అని యేడ్చుచున్నది. తెలియనివారు వినినచో బిడ్డను ఆమెవద్దనుండి లాగుకొందురు. వైద్యురాలు మాత్రము తొందరపడదు. ఆ తలంపు ఆమెకు ఇష్టమా? కాదు, దానిని చూచి ఆమె వణకుచున్నది. ఎప్పుడైన చేయబోయినదా? లేదు, చేయకుండుటకై కత్తిపీట దాచినది, బిడ్డను తల్లిచేతికిచ్చి దూరముగా కూర్చున్నది. ఇది వద్దన్నకొలది మీదికి వచ్చు తలంపుల వ్యాధి. ఇట్టివారు ఆ తలంపును ఆచరణలో పెట్టుట అత్యంత అరుదు. ఇచ్చట పోలీసులకు తెలుపుట రోగమును నేరముగా మార్చుట. ఆమెకు కావలసినది చికిత్సయు, ‘నీవు చెడ్డతల్లివి కావమ్మా’ అను ఒక్క మాటయు. అదే బాలింత, బిడ్డలో దయ్య మున్నదనియు, చంపుమని గొంతుకలు చెప్పుచున్నవనియు నిశ్చయముగా పలికినచో కథ వేరు. అది పురిటి ఉన్మాదము. ఆ గంటలోనే ఇంటివారికి తెలిపి, తల్లిని ఆసుపత్రిలో చేర్చి, బిడ్డను కాపాడవలెను. ఈ రెండును బయటికి ఒకే మాటగా వినిపించును. లోపల భూమ్యాకాశముల భేదము.

రెండవ గదిలో ధర్మవరపు నేతగాడు. మగ్గము గుంటలో నడుము విరుచుకొని పని చేసినను అప్పు తీరలేదు. ముడిపట్టు ధర పెరిగినది, చీర ధర పెరుగలేదు. నిద్ర లేదు, ఆకలి లేదు. ‘నేను పోతే ఈ ఆడపిల్లలను ఎవురు చూస్తారు సార్? వాళ్ళను కూడా నాతోనే తీసుకుపోతే ఏ చింతా ఉండదు’ అని మెల్లగా అన్నాడు. ఈ మాటలో పగ లేదు, కోపము లేదు, ప్రేమ వంటిదే యున్నది. అందుచేతనే దీనిని బెదిరింపుగా ఎవరును గుర్తింపరు. ఇతరులకు హాని యనగానే కత్తి పట్టిన శత్రువు తలపునకు వచ్చును గాని, కుంగిపోయిన తండ్రి, తల్లి తమ పిల్లలను వెంట తీసుకొనిపోవలెనని తలచుట కూడ ఆ కోవలోనిదే. ఇచ్చట గుట్టు పేర మౌనము తగదు. బయట బల్లమీద భార్య కూర్చున్నది. ‘ఆమెను పిలుతును, నీవే చెప్పుము, నేను ప్రక్కన ఉందును’ అని వైద్యుడు ఒప్పించగలిగినచో గుట్టు విరుగదు, చేతులు మారును. ఒప్పుకొననిచో, ఇంటిలోని పురుగులమందు తీసివేయుమనియు, ఇతనిని ఒంటరిగా పిల్లలతో విడువవలదనియు ఆమెకు చెప్పవలసినదే. అప్పు సంగతి, అతని అవమానముల సంగతి అప్పటికి చెప్పనక్కరలేదు.

మూడవ గదిలో పెనుకొండ ప్రాంతపు యువకుడు. దాయాదితో పొలము గట్టు తగాదా. ‘వాణ్ణి నరుకుతా’ అన్నాడు. ఈ సీమలో ఆ మాట కోపమునకు అలంకారము వంటిది. సంతలో రోజుకు పదిమార్లు వినబడును. మాటను మాటగానే పట్టుకొన్నచో సగము ఊరిని పోలీసు ఠాణాలో కూర్చుండబెట్టవలెను. వైద్యుడు అడుగవలసినవి వేరు. ఎప్పుడు? ఎచ్చట? దేనితో? మునుపు ఎవరినైన కొట్టితివా? త్రాగుదువా? యువకుడు తలయెత్తకయే జవాబు చెప్పినాడు: శుక్రవారము, తోట దారిలో, వాడు ఒంటరిగా మోటారు దగ్గరకు వచ్చునపుడు, కొడవలి పదును పెట్టించినాను. ఇది అలంకారము కాదు. మనిషి, దినము, దారి, ఆయుధము నాలుగును కలిసినవి. తలంపు ఉద్దేశమైనది.

ఇచ్చట కాలిఫోర్నియా మొదటి తీర్పును అక్షరాల పాటించి దాయాదికి కబురు చేసినచో నేమగును? కక్షలు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. హెచ్చరిక అందినవాడు తలుపు గడియ వేసికొని కూర్చుండకపోవచ్చును. తన మనుష్యులను పిలిచి ముందుగానే బయలుదేరవచ్చును. ఒక ప్రాణమును కాపాడబోయి రెండు ఇండ్లను తగులబెట్టినట్లగును. హెచ్చరించుట వేరు, రక్షించుట వేరు అని 1976లో ఆ కోర్టు తన మాట ఎందుకు మార్చుకొన్నదో ఈ గట్టు తగాదాలో స్పష్టముగా తెలియును. ఇట్టి యువకునికి మానసిక వ్యాధి తీవ్రముగా నున్నచో, 2017 చట్టపు 89వ విభాగము క్రింద, అతని ప్రతినిధి దరఖాస్తుపై, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, ముప్పది దినములవరకు ఆసుపత్రిలో చేర్చుకొనవచ్చును. శుక్రవారము అట్లే గడచిపోవును. వ్యాధి లేక పగ మాత్రమే యున్నచో అది వైద్యుని చేతిలోని పని కాదు. పోలీసులకు తెలుపక తప్పదు. తెలిపినపుడు, రెండవ వర్గము ఎదురుదాడికి దిగకుండ చూచు భారముకూడ వారి మీద నుంచవలెను. రోగగ్రస్తుడై అపాయకరముగా నున్నవానిని పోలీసులు రక్షణలోనికి తీసికొన్నచో, ఇరువదినాలుగు గంటలలోగా ఆసుపత్రికి చేర్చవలెనే గాని లాకప్పులో ఉంచరాదని చట్టపు 100వ విభాగము శాసించుచున్నది.

విదురుని మాట

మానసిక రోగి యనగానే హింసాపరుడను అపోహ ఈ చర్చకు నీడవలె వెంటబడును. వాస్తవము వేరు. రోగులలో అత్యధికులు ఎవరికిని హాని చేయరు. హాని చేయుటకన్న హాని పొందుటయే వారికి ఎక్కువ. ఇట్టి బెదిరింపులు వైద్యుని గదిలో అరుదు. కాని అరుదైన దినమునకై ముందుగా సిద్ధపడి యుండవలెను. ఆ దినమున ఆలోచించుకొనుటకు వ్యవధి దొరకదు.

సిద్ధపడుటలో మొదటి మెట్టు, చికిత్స మొదటి దినముననే రోగికి హద్దు చెప్పుట. ‘నీవు చెప్పినది ఈ గది దాటదు. ఎవరి ప్రాణమునకైన ముప్పు వచ్చినపుడు మాత్రము, కావలసినంత మేరకు చెప్పవలసి వచ్చును. అదియు మొదట నీతోనే చెప్పి చేయుదును.’ ఈ మాట వినిన రోగి పారిపోవునని కొందరి భయము. కాని చంపవలెనని ఉన్నదని ఒకడు వైద్యునితో చెప్పుటలోనే, తన్ను ఎవరైన ఆపవలెనను కోరిక దాగియుండుట కలదు. నిజముగా చంప నిశ్చయించుకొన్నవాడు వైద్యునికి ఫీజు కట్టి చెప్పనక్కరలేదు. ఆ కోరికను పట్టుకొని లాగుటయే వైద్యుని నేర్పు. రెండవ మెట్టు, తరచుగా కలిసి మాటలాడుట, మందు సరిచూచుట, ఆయుధమును, త్రాగుడును దూరము చేయుట. మూడవది, రోగి సమ్మతితో ఇంటివారిని కలుపుకొనుట. నాలుగవది ఆసుపత్రి. ఈ నాలుగును చాలనపుడు, లేక వ్యవధి లేనపుడు, ఐదవది బయటివారికి తెలుపుట. ప్రతి మెట్టునను ఏమి చూచి ఏమి నిశ్చయించెనో వ్రాసియుంచుటయు, మరియొక వైద్యుని సలహా అడుగుటయు అవసరము. బర్క్లీలో వ్రాతలను నాశనము చేయించినవారికి ఆ పని రక్షణ కాలేదు.

ఎంత చెప్పవలెనను ప్రశ్నకు తెలుగు పాఠకులకు చిరపరిచితమైన ఉదాహరణము మహాభారతములోని లక్కయింటి కథ. దుర్యోధనుడు పాండవులను వారణావతమున దహింప తలపెట్టినాడని విదురుడు గ్రహించెను. అతడు ధృతరాష్ట్రుని కొలువులో మంత్రి. రాజగృహపు రహస్యములు మోసినవాడు. సభలో కేక వేయలేదు; వీధిలో చాటలేదు. పాండవులు బయలుదేరునపుడు ధర్మరాజునకు మాత్రమే తెలియు గూఢమైన మాటలతో అగ్నిభయమును సూచించెను. అంతటితో తన పని తీరినదని చేతులు దులుపుకొనలేదు. పిదప సొరంగము త్రవ్వువానిని పంపెను. చెప్పవలసినవానికే చెప్పుట, చెప్పవలసినంతే చెప్పుట, చెప్పిన పిమ్మట బయటపడు దారి చూపుట - ఈ మూడును విదురుని నడవడిలో నున్నవి. 2017 నాటి చట్టము ‘అవసరమైనంత మేరకే’ యని పొడిగా చెప్పినదానిని ఆ కథ కన్నులకు కట్టించుచున్నది.

ఇక మిగిలినది గది సంగతి. చిన్న పట్టణములలో గుట్టు పోవునది పెద్ద ధర్మసందేహముల వలన కాదు. తలుపు లేని గది వలన, రోగి వెనుక వరుసలో నిలిచి వినువారి వలన, పేరు పెట్టి గట్టిగా పిలుచు కంపౌండరు వలన. వెంట వచ్చిన బంధువు ప్రక్కనే కూర్చుండి రోగికి బదులు తానే జవాబు చెప్పును. కొంతసేపు బంధువును బయట కూర్చుండుమని అడిగి, తలుపు వేసి, రోగిని ఒంటరిగా మాటలాడనిచ్చుట ఏ శాసనసభయు చేయనక్కరలేని సంస్కరణము. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి, ఊరు కదలకయే, తెలుగులోనే మనస్సు విప్పవచ్చును. బెంగుళూరు బండికి చార్జీలు లేనివారికి, మగ్గము దిగి పోలేనివారికి ఇది ఒక ద్వారము. ఆ ద్వారము వెనుక వినువానికిని ఇదే ధర్మము వర్తించును.

ఆ నేతగాడు తిరుగు ప్రయాణమున బండి దిగి ఇంటికి పోవును. భార్యకు సంగతి తెలియును. అత్తవారికి తెలియదు, వీధికి తెలియదు. పురుగులమందు డబ్బా ఇంటిలో లేదు. పిల్లలు నిద్రపోవుచున్నారు. పదునైదు దినముల పిదప మరల రావలెనని వైద్యుడు చీటీ మీద తేదీ వేసినాడు. ఆ తేదీన అతడు మరల ఆ బండి యెక్కినచో, వైద్యుడు చెప్పినదియు తగినంతయే, దాచినదియు తగినంతయే యని అనుకొనవచ్చును.